కాలిన నేలకు కొలత

2024 డిసెంబరులో డెహ్రాడూన్‌లో విడుదలైన భారత అటవీ స్థితి నివేదికలో రెండు పట్టికలున్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది, 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు ఉపగ్రహాలు పసిగట్టిన అడవి మంటల లెక్క. అందులో ఉత్తరాఖండ్‌ది మొదటి స్థానం, 21,033 మంటలు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఆ తర్వాత వస్తాయి. మన ఆంధ్రప్రదేశ్ 18,174తో నాలుగో స్థానంలో ఉంది. రెండో పట్టిక కాలిపోయిన అటవీ విస్తీర్ణానిది. అక్కడ ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానానికి ఎక్కింది, సుమారు 5,287 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర 4,095తో రెండోది. 3,983తో మూడోది తెలంగాణ.

మంటల్లో నాలుగోది, మాడిన నేలలో మొదటిది ఎలా అయింది? పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి ఎంత అన్నం మాడిందో చెప్పలేం కదా. ఇదీ అంతే. అయినా ఎండాకాలం వచ్చిందంటే అధికారుల సమీక్షలైనా, టీవీ చర్చలైనా మొదటి లెక్క చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని మంటలు, నిరుటి కంటే పెరిగాయా తగ్గాయా అంటారు. ఎంత నేల కాలింది, ఏ నేల కాలింది, అదే నేల మళ్లీ కాలిందా అని అడిగేవాళ్లు తక్కువ. నా పని ఆ అడగని ప్రశ్నలతోనే. ఉపగ్రహ చిత్రాలలో కాలిన నేలను వెతికి, దాని హద్దు గీసి, ఎన్ని హెక్టార్లో తేల్చి, మ్యాపు చేసి అటవీ సిబ్బంది చేతికిస్తాను. నా మ్యాపుల్లో ఎక్కువ భాగం నల్లమలవే.

మాది ఆ నల్లమల పక్కనే ఉన్న ఆత్మకూరు. చిన్నప్పుడు వేసవి రాత్రులు మిద్దె మీద పడుకుంటే తూర్పున కొండల మీద ఎర్రటి గీత కదులుతూ కనిపించేది. "కొండకు అగ్గి పడింది" అని పెద్దవాళ్లు ఒక మాట అనుకుని అటు తిరిగి పడుకునేవాళ్లు. పొద్దున్నే లేచి చూస్తే గీత ఉండేది కాదు, కొండ మామూలుగా ఉండేది. దూరం నుంచి చూసేవాళ్లకు అడవి మంట ఒక్క రాత్రి సంగతి. నేలకు మాత్రం అది కొన్ని నెలల సంగతి, ఒక్కోచోట కొన్నేళ్ల సంగతి.

ముందు మంటల లెక్క ఎలా వస్తుందో చెబుతాను. నాసా పంపిన టెర్రా (1999), ఆక్వా (2002) ఉపగ్రహాల మీద మోడిస్ అనే పరికరం ఉంది. 2011లో వెళ్లిన సువోమి ఎన్‌పీపీ మీద దానికంటే చురుకైన వీర్స్ ఉంది. ఇవి నేల నుంచి వచ్చే వేడిని కొలుస్తాయి. చుట్టుపక్కల కంటే ఒక చోట వేడి అసాధారణంగా ఎక్కువగా ఉంటే అక్కడ ఒక చుక్క పడుతుంది. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ చుక్కల ఆధారంగా రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతోంది. 2019లో ఆ వ్యవస్థను ఇంకా మెరుగుపరిచారు. ఇప్పుడు నమోదు చేసుకున్న బీట్ ఆఫీసరు ఫోనుకే మెసేజ్ వస్తుంది. మంట ఆర్పడానికి పరిగెత్తేవాళ్లకు ఇది ఎంతో మేలు చేసింది. అందులో సందేహం లేదు.

కానీ ఆ చుక్క దేన్ని చెబుతుందో, దేన్ని చెప్పదో తెలుసుకోవాలి. వీర్స్ చూసే ఒక్కో గడి 375 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. మన లెక్కలో సుమారు 35 ఎకరాలు. ఆ 35 ఎకరాల్లో ఎక్కడో బాగా వేడిగా ఉందని మాత్రమే చుక్కకు అర్థం. కాలింది అర ఎకరమా, మొత్తమా అన్నది దానికి పట్టదు. పైగా ఆ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో. సాయంత్రం నాలుగింటికి అంటుకుని, ఎండుటాకుల మీద పరుగెత్తి, రాత్రి పదింటికి వాగు దగ్గర చల్లారిన మంటకు చుక్కే ఉండదు. అదే ఒక పెద్ద మాను మొద్దు మూడు రోజులు రగులుతూ ఉంటే దానికి పలుమార్లు చుక్కలు పడవచ్చు.

నల్లమల మంటల తీరు కూడా దీనికి తోడవుతుంది. కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో చెట్ల తలల మీదుగా దూకే మంటలను మనం టీవీలో చూస్తుంటాం. మన ఆకురాల్చే అడవుల్లో సాధారణంగా అలాంటివి ఉండవు. ఇక్కడ మంట నేల మీద నడుస్తుంది. రాలిన ఆకు, ఎండిన బోదగడ్డి, చిన్న పుల్లలు తింటూ మోకాలెత్తున, కాస్త గాలి వీస్తే నడుమెత్తున సాగిపోతుంది. ఒక చోట ఎక్కువసేపు నిలవదు. పలచగా, వేగంగా, చాలా దూరం పోతుంది. తక్కువ చుక్కలతో ఎక్కువ నేల కాలడానికి ఇది ఒక ముఖ్య కారణమని నేను అనుకుంటాను.

అందుకే మంట ఆరిపోయాక మిగిలే మచ్చను వెతకాలి. మంట గంటల్లో పోతుంది, మచ్చ వారాల తరబడి ఉంటుంది. ఉపగ్రహం ఐదు రోజులు ఆలస్యంగా వచ్చినా దాన్ని పట్టుకోగలదు.

పట్టుకునే పద్ధతి నిజానికి చాలా సరళం. పచ్చని ఆకు మన కంటికి కనిపించే ఎరుపు, నీలం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎరుపుకు అవతల కంటికి అందని సమీప పరారుణ కాంతిని మాత్రం, ఆకు లోపలి కణాల అమరిక వల్ల, సగానికి దగ్గరగా వెనక్కి పంపేస్తుంది. ఇంకా అవతలికి పోతే, 2.2 మైక్రాన్ల దగ్గర షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అనే మరో కాంతి ఉంది. ఆకులోని నీరు దాన్ని పీల్చేస్తుంది, తిరిగి వచ్చేది కొంచెమే. అంటే బతికి ఉన్న అడవిలో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. అడవి కాలితే ఈ వరస తారుమారవుతుంది. ఆకు పోతుంది కనుక సమీప పరారుణం పడిపోతుంది, బొగ్గు దాన్ని మరింత మింగేస్తుంది. నీరు ఆవిరైపోయి ఎండిన నేల బయటపడుతుంది కనుక షార్ట్‌వేవ్ పెరుగుతుంది.

ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను నార్మలైజ్డ్ బర్న్ రేషియో అంటారు. మేం ఎన్‌బీఆర్ అని పొట్టిగా పిలుస్తాం. 1991లో లోపెజ్ గార్సియా, కాసెల్లెస్ అనే పరిశోధకులు ల్యాండ్‌శాట్ చిత్రాలతో స్పెయిన్‌లో కాలిన నేలను వెతుకుతూ ఈ రెండు కాంతుల జతను వాడారు. తర్వాత అమెరికాలో కార్ల్ కీ, నేట్ బెన్సన్ దీన్ని మంట తీవ్రత కొలిచే పద్ధతిగా తీర్చిదిద్దారు. మంటకు ముందు చిత్రంలో ఎన్‌బీఆర్, తర్వాతి చిత్రంలో ఎన్‌బీఆర్ చూసి, మొదటిదాంట్లో నుంచి రెండోది తీసేస్తే ఎంత మార్పు వచ్చిందో తెలుస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. బాగా ఆకుతో ఉన్న చోట సమీప పరారుణం 0.30, షార్ట్‌వేవ్ 0.15 అనుకోండి. తేడా 0.15, మొత్తం 0.45, భాగిస్తే 0.33. కాలాక అదే చోట మొదటిది 0.12కు దిగి, రెండోది 0.20కి పెరిగితే ఎన్‌బీఆర్ మైనస్ 0.25. రెంటి మధ్య తేడా 0.58. అమెరికన్ పట్టిక ప్రకారం 0.44 నుంచి 0.66 మధ్య ఉంటే తీవ్రత మధ్యస్థం కంటే ఎక్కువ. 0.66 దాటితే అత్యంత తీవ్రం. 0.27 లోపు స్వల్పం. 0.1 లోపు కాలనట్టే.

నల్లమలకు వచ్చేసరికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫిబ్రవరి చివరికల్లా టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకు రాల్చేస్తాయి. మంట పడకముందే అడవి బోసిగా ఉంటుంది. అప్పుడు సమీప పరారుణం 0.22, షార్ట్‌వేవ్ 0.20 అనుకుంటే ఎన్‌బీఆర్ ముందే 0.05 దగ్గర ఉంది. ఆ ఎండుటాకు మొత్తం కాలిపోయి 0.13, 0.19 అయితే మైనస్ 0.19. తేడా 0.24 మాత్రమే. అమెరికన్ పట్టిక దీన్ని "స్వల్పం" అంటుంది. అక్కడి కొలత మాడిపోయిన పైన్, ఫర్ చెట్ల తలలను చూసి తయారైంది. ఇక్కడ చెట్టు తల మాడదు. నేల మీది మొలకలు, గడ్డి గింజలు, పురుగూ పుట్రా, నేలమీద గూడు కట్టే పిట్టల గుడ్లు మాడతాయి. ఈ రంగంలో ఉన్న మా అందరికీ ఇది తెలిసిన విషయమే అయినా, ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే వచ్చే రంగుల మ్యాపులో నల్లమల అంతా లేత పసుపు రంగులో, పెద్దగా ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. అలాంటి మ్యాపు చూసి ఒక అధికారి "పర్వాలేదే" అనుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆకు రాలడం ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. జనవరి చిత్రాన్ని "ముందు"గా, మార్చి చిత్రాన్ని "తర్వాత"గా పెడితే, అగ్గి పడని చోట కూడా ఆకు రాలిన కారణంగా ఎన్‌బీఆర్ పడిపోయి ఉంటుంది. అదీ కాలినట్టే కనిపిస్తుంది. కాబట్టి మన అడవులకు ముందు, తర్వాత చిత్రాల మధ్య దూరం వీలైనంత తక్కువ ఉండాలి. ఐదు రోజులకొకటి, పది రోజులకొకటి చొప్పున చిత్రాలను వరసగా పేర్చి, ఏ రెండింటి మధ్య ఎన్‌బీఆర్ ఒక్కసారిగా దబ్బున పడిందో చూడాలి. ఆకు రాలడం మెల్లగా వారాల మీద జరుగుతుంది. మంట ఒక్క పూటలో జరుగుతుంది. ఆ వేగమే రెంటినీ విడదీస్తుంది.

ఇది సాధ్యమైంది ఐరోపా అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 ఉపగ్రహాల వల్ల. మొదటిది 2015 జూన్‌లో, రెండోది 2017 మార్చిలో వెళ్లాయి. ఒక జత ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకొకసారి ఒకే చోటికి వస్తాయి, ఉదయం పదిన్నర ప్రాంతంలో. షార్ట్‌వేవ్‌లో వాటి గడి 20 మీటర్లు, అంటే సుమారు 10 సెంట్ల జాగా. వీర్స్ గడి 35 ఎకరాలని ఇందాక చెప్పాను, తేడా మీరే చూడండి. అమెరికా ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్లు. 2008 నుంచి ఆ చిత్రాలన్నీ ఉచితం కావడం, 1980ల నుంచి ఉన్న పాత చిత్రాలు కూడా చేతికి రావడం మాకు నిధి దొరికినంత పని. మన రిసోర్స్‌శాట్-2 (2011), 2ఏ (2016) చిత్రాలు షాద్‌నగర్ కేంద్రానికి దిగుతాయి. అక్కడి నుంచే హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశమంతటికీ సరఫరా చేస్తుంది. వాటి ఏవైఫ్స్ కెమెరా గడి 56 మీటర్లు, ముప్పాతిక ఎకరం. ఐదు రోజులకు ఒకసారి వస్తుంది, విశాలమైన అడవిని ఒకే చూపులో పట్టడానికి బాగా పనికొస్తుంది.

గదిలో కూర్చుని గీసిన హద్దును అడవిలోకి వెళ్లి సరిచూసుకోకపోతే ఆ మ్యాపును నేను నమ్మను. బైర్లూటి, పెచ్చెరువు, దోర్నాల, అటు మన్ననూరు వైపు కాలిన తావులకు వెళ్లినప్పుడు మా వెంట బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచు వాచర్లు వస్తారు. చెట్టు బోదె మీద మసి ఎంత ఎత్తుకు పాకిందో టేపుతో కొలుస్తాం. నేల మీద ఆకు పూర్తిగా పోయిందా, కింది పొర మిగిలిందా చూస్తాం. బూడిద నల్లగా ఉంటే పైపైన కాలినట్టు, తెల్లగా ఉంటే మొద్దు పూర్తిగా కాలి బూడిదైనట్టు. ఇవన్నీ ఒక ఫారం మీద అంకెలుగా రాసి, తర్వాత ఉపగ్రహం ఇచ్చిన సంఖ్యతో పోల్చుకుంటాం.

కొలతలకు అందనిది వాచర్లు చెబుతారు. ఒక మార్చి నెలలో నాగలూటి దారిలో ఒక పెద్దాయన్ని అడిగాను.

"పెద్దయ్యా, ఇది శివరాత్రికి శ్రీశైలం నడకప్పుడు కాలిందేనా?"

"కాదమ్మా, దానికి ముందరిది. గడ్డి చూడు, జానెడు లేచింది. శివరాత్రప్పటిదయితే బెత్తెడు కూడా లేవదు. అదిగో ఆ గట్టు అవతలుండేది శివరాత్రిది."

తర్వాత చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే ఆయన చెప్పిందే ఉంది. రెండూ కలిసిపోయి ఒకే మచ్చలా కనిపిస్తున్నవి నిజానికి వేర్వేరు వారాల్లో కాలిన రెండు మచ్చలు. తేదీ ఎందుకంత ముఖ్యమంటే, మంచు తడి ఇంకా ఉన్న జనవరి చివర్లో కాలే మంట వేరు, ఏప్రిల్‌లో వేడిగాలి మీద కాలే మంట వేరు. మొదటిది అక్కడక్కడా వదిలేస్తూ పోతుంది. రెండోది ఏమీ వదలదు. విస్తీర్ణం పట్టికలో మాత్రం రెంటికీ ఒకే హెక్టారు.

ఉపగ్రహానికి కనిపించనిది ఇంకోటి ఉంది. వాగుల వెంట ఎండాకాలంలోనూ ఆకు నిలిచే చెట్లుంటాయి. వాటి కింద నేల కాలినా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది. అలాంటి చోట మా మ్యాపు తక్కువ చూపుతుంది. కొండల ఉత్తరపు వాలుల్లో చలికాలపు పొడుగు నీడలు, శ్రీశైలం జలాశయం అంచుల్లో నీరు తగ్గి బయటపడిన నల్లని ఒండ్రు, ఇవి కాలినట్టు భ్రమింపజేస్తాయి. వీటిని ఒక్కొక్కటిగా తీసేయాలి. కొండపోడు పొలాలు నిజంగానే కాలుతాయి, కానీ అది కార్చిచ్చు కాదు. అడవి అంచు గ్రామాల్లో పొలంలో తగలబెట్టిన మొక్కజొన్న చొప్ప కూడా అంతే. అటవీ శాఖ తానే ముందుజాగ్రత్తగా జనవరి, ఫిబ్రవరిలో కాల్చే ఫైర్‌లైన్లు కూడా చిత్రంలో నల్లగా వస్తాయి. వాటిని గుర్తుపట్టడం తేలిక. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డు పక్కన తాడు పట్టుకుని గీసినట్టు సన్నగా సాగుతాయి.

అసలు మంటకు తనదైన ఆకారం ఉంటుంది, ఈ పనిలో నాకు ఎప్పటికీ విసుగు రానిది అదే. మంట వాలు ఎక్కేటప్పుడు వేగంగా పోతుంది, ఎందుకంటే సెగ ముందున్న ఆకును ముందే ఎండబెట్టేస్తుంది. గట్టు మీదికి చేరాక అవతలి వైపు దిగడానికి తటపటాయిస్తుంది. అందుకే చాలా మచ్చలు కింద సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పయి, గట్టు గీత మీద తెగిపోతాయి. అడ్డంగా ఒక వాగో, బండిదారో, నిరుడు కాలి ఇంకా ఆకు చేరని పాత మచ్చో ఉంటే అక్కడ అంచు నున్నగా ఉంటుంది. ఆ సన్నటి కొన ఎక్కడుందో చూస్తే మంట దాదాపు ఎక్కడ మొదలైందో చెప్పవచ్చు. చాలాసార్లు ఆ కొన ఒక కాలిబాట మీదో, రోడ్డు పక్కనో ఉంటుంది.

ఎక్కడ మొదలైందో చెప్పగలం. ఎవరు వెలిగించారో మ్యాపు చెప్పదు. ఈ మాట నేను వెళ్లిన ప్రతి సమావేశంలోనూ చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను. మన అడవుల్లో దాదాపు అన్ని మంటలూ మనుషుల వల్లే వస్తాయి. తునికాకు చిగురు బాగా రావాలని పెట్టేవి ఉన్నాయి. ఇప్పచెట్టు కింద రాలిన పువ్వు ఏరుకోవడానికి చెత్త కాల్చేవి ఉన్నాయి. పశువులకు కొత్త గడ్డి కోసం పెట్టేవి, తేనె పట్టేటప్పుడు జారిన కాగడా, రోడ్డు మీద నుంచి విసిరిన బీడీ ముక్క, శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం మీదుగా అడవిలో శ్రీశైలానికి నడిచిపోయే వేలమంది భక్తుల్లో ఎవరో ఆర్పకుండా వదిలేసిన వంట పొయ్యి, అన్నీ ఉన్నాయి. మచ్చ ఒక చెంచు పెంటకు, అంటే గూడేనికి, దగ్గరగా ఉందని ఆ పెంటవాళ్లే కాల్చారనడం అన్యాయం. అడవి కాలితే మొదట తేనె, గడ్డలు, పళ్లు పోయేది వాళ్లకే. ఆ మంటల్ని కొమ్మలతో కొట్టి ఆర్పేవాళ్లలో ముందుండేదీ వాళ్లే.

కొలత ఉండటం వల్ల పుకార్లు కూడా అణుగుతాయి. 2019 ఫిబ్రవరిలో కర్ణాటక బందీపూర్ అడవి అంటుకున్నప్పుడు అడవి మొత్తం బూడిదైందన్నంతగా ప్రచారం జరిగింది. బాలానగర్ కేంద్రం చిత్రాలు పరిశీలించి, కాలింది 4,400 హెక్టార్ల పైచిలుకు అని తేల్చింది. దాదాపు 870 చదరపు కిలోమీటర్ల ఆ పార్కులో అది ఐదు శాతం. అది చిన్న నష్టం కాదు. కానీ ఎక్కడ ఎంత కాలిందో తెలిశాక మాట్లాడే తీరు మారుతుంది, చేయాల్సిన పని కనిపిస్తుంది.

కాలిఫోర్నియాలో ఈ మ్యాపులతో మనుషుల ప్రాణాల లెక్క ముడిపడి ఉంది. 2017 డిసెంబరులో థామస్ ఫైర్ అక్కడి కొండలను కాల్చింది. 2018 జనవరి 9 తెల్లవారుజామున ఆ కాలిన వాలుల మీద కుండపోత వాన కురిసి, బురద, బండరాళ్లు మాంటెసిటో ఊరి మీదికి కొట్టుకొచ్చాయి. 23 మంది పోయారు. బాగా కాలిన నేల నీటిని ఇంకనివ్వదు, పట్టి ఉంచే వేర్లూ ఉండవు. అందుకే అక్కడ మంట పూర్తిగా ఆరకముందే నిపుణుల బృందాలు ఉపగ్రహ మ్యాపు చేత పట్టుకుని కొండలెక్కి, ఏ వాలు కింద ఏ ఇళ్లున్నాయో చూస్తాయి. అక్కడ వేలల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేముందు, ఇన్సూరెన్స్ తీసుకునేముందు కొండల చరిత్ర కూడా చూసుకోవడం మంచిది. ఆ మ్యాపులన్నీ బహిరంగంగానే ఉంటాయి.

మనకు బురద వరదల భయం అంతగా లేదు. మన నష్టం మెల్లగా జరుగుతుంది, కంటికి కనిపించదు. అందుకే ఒక్క ఏడాది మ్యాపు కంటే పదేళ్ల మ్యాపులను ఒకదాని మీద ఒకటి పేర్చి చూడటం ముఖ్యమని నా గట్టి నమ్మకం. నాలుగేళ్లకొకసారి కాలే నేల తేరుకుంటుంది. టేకు వేరు బతికి ఉండి మళ్లీ పిలక వేస్తుంది, మొలకలు మంటకు అందని ఎత్తుకు ఎదగడానికి కొంత గడువు దొరుకుతుంది. ఏటా కాలే నేలకు ఆ గడువు లేదు. పైన పెద్ద మాన్లు నిలబడి ఉంటాయి కనుక అడవి ఉన్నట్టే కనిపిస్తుంది. కింద వాటి తర్వాతి తరం ఉండదు. ఖాళీ జాగాలో లంటానా అనే కలుపు పొద అల్లుకుంటుంది. పేర్చిన మ్యాపులో ఇలాంటి చోట్లు ముదురు రంగులో తేలతాయి. అవి అడవంతటా చెదిరి ఉండవు. కొన్ని దారుల వెంట, కొన్ని తునికాకు తావుల చుట్టూ గుమికూడి ఉంటాయి. మంటల చుక్కలు లెక్కపెట్టి ఒక బీట్ ఆఫీసరును నిలదీయడం కంటే, ఈ ముదురు మచ్చలు చూపించి "ఇక్కడ ఈ ఏడాది మంట రాకుండా ఏం చేద్దాం" అని అడగడం న్యాయం. చుక్కలు తగ్గితే మెప్పు, పెరిగితే మెమో అనే పద్ధతి ఉంటే, ముందుజాగ్రత్తగా ఫైర్‌లైన్ కాల్చడానికి కూడా సిబ్బంది జంకుతారు. ఆ మంటా చుక్కగానే పడుతుంది మరి.

మీ ఊరి కొండను మీరే చూసుకోవచ్చు, దానికి నాలాంటివాళ్లు అక్కర్లేదు. ఐరోపా వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్ ఉచితం. అందులో మీ ఊరు వెతికి, సెంటినెల్-2 ఎంచుకుని, ఏప్రిల్ నెలలో మబ్బు లేని ఒక తేదీ తీసుకోండి. రంగుల జాబితాలో షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ ఉన్న అమరిక పెట్టండి. ఆకు ఉన్న చోటు పచ్చగా, ఈమధ్యే కాలిన చోటు ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. తర్వాత అదే చోటు జులై చిత్రం తీసి చూస్తే మచ్చ మాయమై ఉంటుంది. వాన పడగానే గడ్డి, చిగురు కప్పేస్తాయి. మేం ఏప్రిల్, మే నెలల్లో తొందరపడేది ఇందుకే. జూన్ దాటితే మబ్బులూ అడ్డమే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం మీద మాకు చాలా ఆశలున్నాయి. ఇస్రో, నాసా కలిసి చేసిన దాని రాడార్ మబ్బునూ పొగనూ దాటి చూస్తుంది, పన్నెండు రోజులకొకసారి అదే చోటికి వస్తుంది. అడవి పచ్చదనం కింద ఎంత కర్ర, ఎంత ఆకు మిగిలి ఉందో దాని సంకేతాల్లో తెలిసే వీలుంది.

మా మ్యాపుల్లో ఇప్పుడు వాగుల పేర్లు, పెంటల పేర్లు తెలుగులోనే వేస్తున్నాం, బేస్ క్యాంపు గోడకు అంటించుకునేంత సైజులో. వాచర్లే అడిగి ఇంకో పొర చేర్పించారు. నీటి చెలమలు, జంతువులు నీళ్లు తాగడానికి అటవీ శాఖ కట్టించిన సాసర్ పిట్లు. కాలిన చోట రెండు మూడు వారాల్లో లేత గడ్డి లేస్తుంది. ఆ పక్కనే నీళ్లుంటే దుప్పులు, కణుజులు అక్కడికి చేరతాయి. వాటి వెనకే ఉచ్చులు పెట్టేవాళ్లూ వస్తారు. కాబట్టి మచ్చ, నీళ్లు రెండూ దగ్గరగా ఉన్న చోట్లను మేం ఎర్ర గీతతో చుట్టి ఇస్తున్నాం, వాళ్లు రాత్రి గస్తీ అక్కడి నుంచి మొదలుపెడుతున్నారు.